వచ్చే వారం దాకా: ఎనభైల బాల్యం అంత గట్టిగా ఎందుకు గుర్తుండిపోయింది?

1987 జనవరి 25, ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో రామాయణం ధారావాహిక మొదలైంది. మరుసటి ఏడాది జూలై 31 వరకు 78 భాగాలుగా అది సాగింది. అప్పుడు దాన్ని చూసిన బడిపిల్లలు ఇప్పుడు నలభై అయిదు ఏళ్ళు దాటినవారు, యాభై దాటినవారు. ఆ రోజుల ఊసెత్తితే తెలుగు ఊళ్ళలో పెరిగినవారు ముందుగా చెప్పేది చాలాసార్లు రాముడి సంగతీ రావణుడి సంగతీ కాదు, డాబా మీది యాంటెన్నా సంగతి. కథ అందరికీ ముందే తెలుసు. తెలియనిదల్లా ఆ ఆదివారం బొమ్మ వస్తుందో రాదో అన్నదే.

ఆ జ్ఞాపకంలో ఎప్పుడూ ముగ్గురుంటారు. ఒకరు డాబా మీద, అల్యూమినియం కడ్డీల యాంటెన్నా బిగించిన ఇనుప గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని కొద్దికొద్దిగా తిప్పుతుంటారు. ఇంకొకరు టీవీ ముందు, తెర మీద చుక్కలు తగ్గుతున్నాయో పెరుగుతున్నాయో చూస్తుంటారు. ఇద్దరికీ మధ్య గుమ్మంలోనో మెట్ల మీదో నిలబడి ఒక పిల్లవాడు మాట అందిస్తుంటాడు. "వచ్చిందా?" "లేదు బాబాయ్, ఇంకా చుక్కలే!" "ఇప్పుడో?" "ఆఁ, వచ్చింది, వచ్చింది... అయ్యో, పోయింది. ఇందాక ఉన్న వైపుకే తిప్పు!" గొట్టం మీద నుంచి చెయ్యి తీయగానే బొమ్మ చెదిరిపోయేది, మళ్ళీ పట్టుకుంటే నిలిచేది. మనిషి దగ్గరగా ఉండడం వల్ల కూడా సంకేతం అందే తీరు మారుతుంది గనుక, ఇంట్లో అందరూ చూసేందుకు ఒక్కొక్కసారి ఒకరు పైనే ఉండిపోవలసి వచ్చేది.

ఈ అవస్థకు కారణం ఆనాటి ప్రసార వ్యవస్థలోనే ఉంది. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న ప్రారంభమైనా, దాని ప్రసారం అందింది నగరానికీ చుట్టుపక్కల ప్రాంతాలకే. 1983 ఆగస్టులో ఇన్సాట్-1బి ఉపగ్రహాన్ని ప్రయోగించిన తరువాత, దాని ద్వారా వచ్చే ఢిల్లీ కార్యక్రమాలను అందుకుని మళ్ళీ ప్రసారం చేసే చిన్న ట్రాన్స్‌మిటర్లను 1984 నుంచి దేశమంతటా పట్టణాల్లో వరసగా నెలకొల్పారు. వాటి శక్తి తక్కువ. పట్టణం నుంచి ఓ పాతిక కిలోమీటర్లు దాటితే బొమ్మ నిలవడం కష్టం. ఆ వలయం అంచున ఉన్న ఊళ్ళలో గొట్టం ఎంత ఎత్తున ఉంది, కడ్డీలు ఏ దిక్కుకు తిరిగి ఉన్నాయి అన్నదాని మీదే అంతా ఆధారపడేది. బలహీనంగా అందిన సంకేతాన్ని టీవీ పెట్టె పెంచి చూపేటప్పుడు దానితోపాటు చేరిన రొదను కూడా పెంచుతుంది. తెర మీది చుక్కలు ఆ రొదకు రూపమే.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. యాంటెన్నా తిప్పడం ఆనాడు ఎవరికీ ఆనందం కాదు, విసుగు. నలభై ఏళ్ళు గడిచాక అదే తీపి జ్ఞాపకంగా మిగిలి, చూసిన దృశ్యాలు మసకబారాయి. ఎనభైల బాల్యం గురించి తెలుగువారు చెప్పుకునే జ్ఞాపకాల్లో చాలావాటికి ఇదే తీరు కనిపిస్తుంది. గుర్తున్నది వస్తువు కన్నా ఎక్కువగా ఆ వస్తువుకూ పిల్లలకూ నడుమ ఉన్న దూరం. ఆ దూరం కొన్నిసార్లు కాలం రూపంలో ఉండేది, వచ్చే వారం దాకా, వచ్చే నెల దాకా, సంక్రాంతి దాకా. కొన్నిసార్లు స్థలం రూపంలో, పక్కవీధి దాకా, పట్నం దాకా ఉండేది. ఆ దూరాన్ని పిల్లలు తమ ఊహతో, మాటలతో, ఆటలతో నింపుకున్నారు. నింపుకున్నది తమ సొంతం గనుక అది నిలిచిపోయింది.

మనిషి జ్ఞాపకం పనిచేసే తీరు కూడా కొంతవరకు దీనికి తోడైంది. నడివయసు దాటినవారిని జీవితంలోని సంఘటనలు చెప్పమంటే, ఇటీవలి విషయాలను పక్కన పెట్టి చూసినప్పుడు, సుమారు పదో ఏటికీ ముప్పయ్యో ఏటికీ మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారని మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1980ల నుంచి పదేపదే చూపుతూ వచ్చారు. మొదటిసారి ఎదురైనవన్నీ ఆ వయసులోనే ఎదురవుతాయి, 'నేను' అనే భావం గట్టిపడేదీ అప్పుడే. పూర్తికాని పని పూర్తయినదానికన్నా ఎక్కువగా గుర్తుంటుందని 1927లో బ్లూమా జైగార్నిక్ తన ప్రయోగాలతో ప్రతిపాదించారు. తరువాత జరిగిన ప్రయోగాలన్నీ దాన్ని సమర్థించలేదు గానీ, వారంవారం సగంలో ఆగిపోయే కథలతో పెరిగిన తరానికి ఆ ప్రతిపాదన అనుభవంలోంచి వచ్చినట్టే వినిపిస్తుంది. అయితే ఈ సూత్రాలు ఏ తరానికైనా వర్తిస్తాయి. డెబ్బైలలో పెరిగినవారికీ తొంభైలలో పెరిగినవారికీ వారి వారి జ్ఞాపకాలున్నాయి. ఎనభైల జ్ఞాపకాలకు ప్రత్యేకమైన సాంద్రత ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఆనాటి జీవితంలోకే వెళ్ళాలి.

గడిచిన కాలం మీది తపనకు యూరప్ భాషలు వాడే 'నోస్టాల్జియా' అన్న మాటను 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విస్ వైద్య విద్యార్థి పుట్టించాడు. ఇంటికి దూరమైనవారు, పరాయి దేశాల్లో కొలువు చేసే సైనికుల వంటివారు, తిండి మాని నీరసించిపోవడాన్ని అతను ఒక జబ్బుగా వర్ణించాడు. అంటే ఆ మాట మొదట కాలానికి సంబంధించింది కాదు, ఊరికి సంబంధించింది. తెలుగులో దానికి దగ్గరగా ఉన్నది 'బెంగ'. హాస్టల్లో చేర్పించిన పిల్లవాడు ఇంటి మీద బెంగ పెట్టుకుంటాడు, తల్లి పుట్టింటికి వెళితే పసిపిల్ల బెంగతో జ్వరం తెచ్చుకుంటుంది. బెంగకు విరుగుడు తిరిగి వెళ్ళడమే. వెళ్ళలేని చోటి మీద, అంటే గడిచిన కాలం మీద, బెంగ పెట్టుకోవడమే ఈ జ్ఞాపకాలను చెప్పేవారి స్థితి.

ఆనాటి ఇంట్లో కాలాన్ని నడిపింది రేడియో. విజయవాడ కేంద్రం వినిపించే భక్తిరంజనితో తెల్లవారేది. 6:55కు ఢిల్లీ నుంచి సంస్కృత వార్తలు, 7:05కు తెలుగు వార్తలు. సంస్కృత వార్తల్లో ఒక్క ముక్క అర్థం కాకపోయినా, అవి మొదలయ్యాయంటే స్నానానికి లేవాలనీ, తెలుగు వార్తలు అయిపోయాయంటే పుస్తకాలు సర్దుకోవాలనీ పిల్లలకు తెలుసు. గోడ గడియారం లేని ఇళ్ళలో ఆ గొంతులే గడియారాలు. రేడియోను తమ ఇష్టానికి నడిపించే వీలు ఎవరికీ లేదు. ఒక పాట వినాలంటే అది వచ్చేదాకా ఆగాలి, వచ్చినప్పుడు దగ్గరుండాలి, అయిపోయాక మళ్ళీ ఎప్పుడు వస్తుందో తెలియదు. అందుకే ఆ పాట వస్తుంటే వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేవారు, మాట్లాడుతున్నవారిని చెయ్యెత్తి ఆపేవారు. అంత శ్రద్ధగా విన్న పాట మూడోసారికే నోటికి వచ్చేసేది.

టీవీ రామాయణానికి ముందే తెలుగువారికి రేడియో రామాయణం ఉంది. ఆదివారం మధ్యాహ్నాల్లో విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ చెప్పిన రామాయణ, భారత, భాగవత ప్రవచనాలకు వీధివీధంతా చెవి ఒగ్గేది. ఇంటింటా అదే గొంతు వినిపించడంతో, వీధిలో నడిచివెళ్ళే మనిషికి ఒక్క మాట కూడా తప్పిపోయేది కాదు. పిల్లలకు ఆ కథలు ముందు చెవి ద్వారా అందాయి, అందులోని మనుషుల ముఖాలను వారు తామే గీసుకున్నారు. తరువాత వచ్చిన టీవీ ధారావాహిక హిందీలో ఉంది. హైదరాబాదు చుట్టుపక్కల ఉర్దూతో పరిచయం ఉన్నవారికి ఫరవాలేదు గానీ, కోస్తా పల్లెల్లో ఆ సంభాషణలు అర్థమైనవారు బహు తక్కువ. అయినా అందరూ చూశారు. తెర మీది హిందీకి అడుగున, అమ్మమ్మ చెప్పిన తెలుగు రామాయణమూ ఉషశ్రీ గొంతూ నడుస్తూనే ఉన్నాయి. ఇది ఆ తరం చేసిన పనుల్లో తగినంతగా గుర్తింపు పొందనిది అనిపిస్తుంది. రానిభాషలోని కార్యక్రమాన్ని ఇంటిల్లిపాదీ తమ భాషలో చూశారు.

చూడనిది కూడా ఎంత గట్టిగా గుర్తుంటుందో చెప్పడానికి 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని మించిన ఉదాహరణ లేదు. దాని నీడ తెలంగాణ మీదుగా సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దాన్ని గమనించారు. అదే సమయంలో ఆ చుట్టుపక్కల ఊళ్ళలో తలుపులు వేసేశారు, తినే పదార్థాల మీద దర్భలు వేశారు, గర్భిణులను కదలనివ్వలేదు. పిల్లలకు గుర్తున్నది కిటికీ సందులోంచి కనిపించిన వెలుగు మధ్యాహ్నం మూడు దాటాక ఒక్కసారిగా సన్నగిల్లడం, పక్షులు గూళ్ళకు చేరే చప్పుడు, లోపల పెద్దల గుసగుసలు. సూర్యుణ్ణి చూడలేదు. తమ ఊరి ఆకాశంలోనే జరిగిన ఆ అద్భుతాన్ని తలుపు చాటునుంచి ఊహించుకున్నారు, ఆ ఊహే నలభై ఏళ్ళకు పైగా నిలిచింది.

సినిమా విషయంలో ఈ దూరం మరింత పెద్దది. కొత్త సినిమాకు తీసే ప్రింట్లు కొద్ది. అవి ముందు నగరాల్లో, పెద్ద పట్టణాల్లో ఆడి, అక్కడ జనం తగ్గాక చిన్న పట్టణాలకు, ఆ తరువాత నెలలకు పల్లెల దగ్గరి డేరా హాళ్ళకు చేరేవి. చేరేసరికి రీళ్ళ నిండా గీతలు పడి, తెర మీద వాన కురుస్తున్నట్టు ఉండేది, అతుకుల దగ్గర మాట సగంలో తెగిపోయేది. టూరింగ్ టాకీసులో ప్రొజెక్టరు ఒకటే గనుక రీలు మార్చిన ప్రతిసారీ ఆట ఆగేది, ఒక్క సినిమాకు మూడు నాలుగు ఇంటర్వెల్లు. నేల టిక్కెట్టు కొన్నవారు ఇసుకను కుప్పగా పోసుకుని దాని మీద కూర్చునేవారు. పొద్దుగూకే వేళకు హాలు మీది లౌడ్‌స్పీకర్లో ఘంటసాల భక్తిగీతం మొదలైతే ఆటకు ఇంక ఎక్కువ సమయం లేదని పొలాల్లో ఉన్నవారికి కూడా తెలిసేది.

ఇంత ఆలస్యంగా వచ్చే సినిమా కోసం ఆ నెలల్లో పిల్లలు ఏం చేశారన్నదే అసలు విషయం. రిక్షాకు మైకు కట్టి తిరిగే ప్రచార బండి వెంట పరుగెత్తి గులాబీ రంగు, పసుపు రంగు కరపత్రాలు ఏరుకున్నారు. హాలు బయట అమ్మే పాటల పుస్తకం కొని, దానిలో 'మిగతా కథ వెండితెరపై చూడండి' అంటూ సగంలో ఆపేసిన కథను తామే పూర్తిచేసుకున్నారు. పెళ్ళిళ్ళలో లౌడ్‌స్పీకర్ల మీద వేసే పౌరాణిక చిత్రాల సంభాషణల రికార్డులు విని విని, తాము చూడని సినిమాలోని డైలాగులను తప్పు లేకుండా అప్పజెప్పగలిగారు. రేడియోలో సినిమాను మాటలతోనే కుదించి వినిపించే సంక్షిప్త శబ్దచిత్రం విని యుద్ధాలను ఊహించుకున్నారు. అన్నిటికన్నా మించింది, పట్నం వెళ్ళి సినిమా చూసొచ్చిన తోటిపిల్లవాడు చెప్పే కథ. అతను చెట్టు కింద నిలబడి ఫైటింగులతో సహా రెండు గంటలు చెప్పేవాడు, మిగతావారు చుట్టూ కూర్చుని వినేవారు. తరువాత వాళ్ళు చూసిన సినిమా అంత గొప్పగా అనిపించకపోవడం తరచుగా జరిగేది. చెప్పినవాడి కథలో ఉన్న యుద్ధం తెర మీద అంతసేపు ఉండదు కదా.

చదువుకునే పిల్లలకు ఇదే పని చేసింది చందమామ. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికను 1980 ఆగస్టులో కన్నుమూసేదాకా కొడవటిగంటి కుటుంబరావు తీర్చిదిద్దారు. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలూ శంకర్ బొమ్మలూ పిల్లల ఊహకు ఒక రూపమిచ్చాయి. విక్రమార్కుడు భుజాన శవంతో నడవడం, బేతాళుడి ప్రశ్నకు జవాబు చెప్పగానే మౌనం భంగమై శవం తిరిగి చెట్టెక్కడం ప్రతి నెలా జరిగేది. ఎప్పటికీ తీరని ఆ పని పిల్లల్ని నిరాశపరచలేదు, వచ్చే నెల సంచిక ఉందన్న భరోసా ఇచ్చింది. ఒక్క సంచిక ఇంట్లో అయిపోయాక పక్కింటికి, అక్కడి నుంచి ఆ పై వీధికి నడిచేది. అట్ట చిరిగి, మొదటి కథ మొదటి పేజీ పోయి చేరిన సంచికలో ఆ కథ ఎలా మొదలైందో ఎవరికి వారు అల్లుకోవలసిందే.

బడిలో కూడా పిల్లల సొంత ఆర్థిక వ్యవస్థ ఒకటి నడిచేది. పరీక్ష మధ్యలో సిరా అయిపోతే పక్కవాడిని చుక్కల లెక్కన అప్పడగాలి. అతను తన పెన్ను మూత తీసి, కలం విప్పి, బెంచి మీద పది చుక్కలు లెక్కపెట్టి విడిచేవాడు, అప్పు తీసుకున్నవాడు తన పెన్నుతో ఆ చుక్కలను పీల్చుకునేవాడు. మర్నాడు పది చుక్కలూ తిరిగి ఇవ్వాలి, చెక్క బెంచీ పీల్చేసుకున్న సిరా ఎవరి ఖాతాలో పడాలన్నదాని మీద గొడవలు కూడా అయ్యేవి. పుస్తకంలో దాచిన నెమలీకకు పెన్సిలు చెక్కిన పొట్టు మేతగా వేసి, అది పిల్ల పెడుతుందని నెలల తరబడి పేజీ తీసి తీసి చూసేవారు. అయిదు పైసలకు జీళ్ళు, పది పైసలకు పుల్లైసు వచ్చిన రోజులవి. చారాణాతో పాటు అంతకన్నా చిన్న నాణేలన్నీ 2011 జూన్ 30 తరువాత చలామణీలోంచి పోయాయి గానీ, 'పావలా' అన్న మాట మాత్రం ఇంకా నోళ్ళలో ఉంది.

ఇంతవరకు చెప్పిన జ్ఞాపకాలు ఎవరివి అన్న ప్రశ్నను దాటవేసి ఈ చర్చను ముగించడం న్యాయం కాదు. 1981 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత సుమారు 30 శాతం, స్త్రీలలో సుమారు 20 శాతం. అంటే చందమామ కోసం ఎదురుచూసిన పిల్లలు ఆ దశకపు పిల్లలందరిలో కొద్దిమందే. మిగతా పిల్లలకు పత్రికకూ తమకూ మధ్య ఉన్నది నెల రోజుల ఎడం కాదు, అక్షరం. జ్ఞాపకాలను రాసేవారు చదువుకున్నవారే గనుక, రాసిన జ్ఞాపకాలన్నిట్లో చందమామ కనిపిస్తుంది, అది అందరి బాల్యమన్న భ్రమ కలుగుతుంది.

టీవీ ఉన్న ఇంట్లో ఎవరెక్కడ కూర్చున్నారో గుర్తు చేసుకుంటే ఊరి పటం మొత్తం కళ్ళ ముందుకు వస్తుంది. కుర్చీల్లో ఇంటి పెద్దలు, వారి బంధువులు. చాప మీద ఆ వీధి పిల్లలు. గుమ్మం దగ్గర పాలేర్లు, పనివాళ్ళు. కిటికీ ఊచలు పట్టుకుని బయట నిలబడినవారు లోపలికి రమ్మని పిలుపు రానివారు. కరెంటు పోతే అందరూ కలిసే నిట్టూర్చినమాట నిజమే, ఒకే తెరను చూసినమాటా నిజమే. కానీ చాప మీద కూర్చున్న పిల్లవాడి జ్ఞాపకంలో ఆ గది ఊరందరిదీ, కిటికీ బయట నిలబడిన పిల్లవాడి జ్ఞాపకంలో ఆ గదికి గోడ ఉంది. ఆ రోజుల్లో 'అందరం కలిసి ఉండేవాళ్ళం' అన్న మాటను ఈ రెండో పిల్లవాడు ఎలా వింటాడో ఆలోచించాలి.

ఆ గోడ ఎంత క్రూరమైనదో 1985 జూలై 17న కారంచేడులో బయటపడింది. దళితవాడ మంచినీటి చెరువు దగ్గర పశువులను కడిగి నీళ్ళు మురికి చేయడాన్ని ప్రశ్నించినందుకు ముందురోజు మొదలైన తగాదా ఆనాడు భూస్వామ్య కులం వారి దాడిగా మారి ఆరుగురు దళితులను బలితీసుకుంది. ప్రాణాలతో బయటపడినవారు చీరాల చేరారు, చాలా కుటుంబాలు తిరిగి ఆ ఊళ్ళో కాపురం పెట్టలేదు. ఆ శిబిరంలో ఉన్న పిల్లలది కూడా ఎనభైల బాల్యమే. చెరువులో ఈదులాడిన వేసవుల గురించి చదివినప్పుడు, నీళ్ళు మురికి చేయవద్దన్నందుకు ఊరు వదలవలసి వచ్చిన ఆ పిల్లలు కూడా ఆ పేజీలో ఉండాలి.

ఆడపిల్లల జ్ఞాపకాల్లో మరో దూరం ఉంటుంది. కోస్తాలో గోడుంబిళ్ళ అనీ తెలంగాణలో చిర్రగోనె అనీ పిలిచే ఆట చీకటిపడేదాకా సాగిన జ్ఞాపకం ఎక్కువగా మగపిల్లలది. అదే వేళకు ఆడపిల్లలు బోరింగు దగ్గర బిందెలు వరసలో పెట్టి నిలబడ్డారు, తమ్ముణ్ణి చంకనెత్తుకుని వీధి గుమ్మంలో నిలబడ్డారు. పెద్దమనిషి అయ్యాక బడి మానిపించిన అమ్మాయికి బాల్యం ఫలానా తేదీన అయిపోయింది, ఆ తేదీ ఆమెకు స్పష్టంగా గుర్తుంటుంది. పండుగ పిండివంటల రుచిని తలచుకునే ప్రతి మాట వెనుకా, రోకటి దగ్గర, కట్టెల పొయ్యి పొగలో గడిపిన ఒక తల్లి పగళ్ళు ఉన్నాయి.

కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల్లో ఎదురుచూపుకు అర్థమే వేరు. గల్ఫ్ దేశాలకు కూలికి వెళ్ళిన తండ్రులు రెండు మూడేళ్ళకోసారి వచ్చేవారు. చదవడం, రాయడం రాని ఇళ్ళలో ఉత్తరాల పనిని క్యాసెట్లు చేశాయి. దుబాయి నుంచి తెచ్చిన టూ-ఇన్-వన్, అంటే రేడియో, టేపురికార్డరు కలిసిన పెట్టె, ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని, ఎర్ర బొత్తాం నొక్కి, ఒకరి తరువాత ఒకరు మాట్లాడి ఆ క్యాసెట్‌ను ఊరికి వచ్చి తిరిగి వెళ్ళేవారి చేతికిచ్చి పంపేవారు. "బాపూ, మంచిగున్నవా? నేను మంచిగ సదువుకుంటున్న" అని మొదలుపెట్టిన పిల్లకు ఆ తరువాత ఏం చెప్పాలో తోచక టేపు ఉత్తగా తిరుగుతూ ఉండేది. ఆ నిశ్శబ్దం కూడా దుబాయి చేరేది. జవాబు క్యాసెట్ రావడానికి నెలలు పట్టేది. ఆ ఇంటి పిల్లలకు టూ-ఇన్-వన్ ఊళ్ళో అందరికన్నా ముందు వచ్చింది, దానికి వారు చెల్లించిన మూల్యం తండ్రి ముఖం. వస్తువుకూ పిల్లలకూ మధ్య దూరం తీపి జ్ఞాపకమవుతుందన్న మాట ఇక్కడ ఆగిపోతుంది. మనిషికీ మనిషికీ మధ్య దూరం అలా తీపిగా మారదు.

ఎనభైల జ్ఞాపకాలకు అంత స్పష్టమైన అంచు ఎందుకుందన్నది మిగిలిన ప్రశ్న. ఆ దశకం ముగిసిన వెంటనే మార్పులు ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. 1991లో ఆర్థిక సంస్కరణలు మొదలయ్యాయి. ఆపైన వీధివీధికీ కేబుల్ తీగలు వచ్చాయి. 1995లో జెమినీ, ఈటీవీ ప్రసారాలు మొదలై, వారానికొక్కసారి వచ్చే సినిమా రోజూ రావడం ప్రారంభమైంది. మరోవైపు అమెరికా 1990 వలస చట్టంతో హెచ్-1బి వీసాను ఏర్పరచింది. ఎనభైలలో డేరా హాలు ఇసుకలో కూర్చున్న పిల్లల్లో కొందరు తొంభైల చివర కంప్యూటరు ఉద్యోగాలతో ఆ దారిన వెళ్ళారు. ఇంకెందరో పల్లె విడిచి హైదరాబాద్, బెంగళూరు చేరారు. కాలం మారడమూ ఊరు మారడమూ ఒకేసారి జరిగిన తరం అది. వారికి బాల్యం మీది బెంగా ఊరి మీది బెంగా విడదీయలేనంతగా కలిసిపోయాయి. తిరిగి వెళ్ళినా డేరా హాలు ఉన్న చోట కల్యాణ మండపం ఉంటుంది, టీవీ ఉన్న ఇంటికి తాళం ఉంటుంది.

2020 మార్చి 28న, దేశమంతా ఇళ్ళలో ఉండిపోయిన రోజుల్లో, దూరదర్శన్ అదే రామాయణాన్ని మళ్ళీ ప్రసారం చేసింది. ఈసారి రోజూ వచ్చింది, బొమ్మ ఎక్కడా చెదరలేదు. చందమామ పాత సంచికలు కూడా ఇప్పుడు కంప్యూటర్లో దొరుకుతాయి, ఏడాది సంచికలు పన్నెండూ ఒక్క రాత్రిలో తిరగేయవచ్చు.

వీటికన్నా ఆనాటి చదువరులు తమ చేతులతో మిగిల్చినవి ఎక్కువ చెబుతాయి. వారపత్రికల్లో వచ్చే సీరియల్ పేజీలను ప్రతి వారం జాగ్రత్తగా చించి, దిండు కిందో బియ్యం డబ్బా మీదో దాచి, కథ ముగిశాక ప్రెస్సులో ఇచ్చి బైండు చేయించుకోవడం అప్పటి గృహిణులకు అలవాటు. అట్టకు ఖాకీ కాగితం, వీపుకు గుడ్డ అతుకు, లోపలి అట్ట మీద సిరాతో పేరు. పేజీ వెనక వైపు వేరే కథలోని ఆఖరి పేరా, సగం తెగిన కార్టూను, తలనూనె ప్రకటన. పత్రిక దొరకని వారం ఉంటే ఆ చోట ఒక తెల్ల కాగితం పెట్టి కుట్టించినవి ఉన్నాయి, ఎప్పటికైనా ఎవరి దగ్గరైనా దొరికితే ఎత్తిరాయడానికి. తల్లి పోయాక అలమర సర్దుతూ ఆ బైండు తెరిచిన కూతురికి కథ చదువుతుండగా ఆ తెల్ల కాగితం ఎదురవుతుంది. ఆ వారం దొరకలేదు.